తేదీ ముద్ర

"ఈ మరకలేంటి అంకుల్?" మహీధర్ గొంతు తగ్గించి అడిగాడు.

పుస్తకం చివరి పేజీలో కాఫీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. అంతకుముందు తీసిన పుస్తకంలోనూ అంతే. పేజీల అంచున అక్కడక్కడా పెన్సిల్ చుక్కలు.

"ఇక పడకుండా చూస్తానండి," అన్నాడు పెద్దిరాజు.

"తీసుకెళ్ళేవాళ్ళకి గట్టిగా చెప్పాలి. ఫైన్ వెయ్యి."

"అలాగేనండి."

అంతకు మించి మాట పెగలదు ఆ మనిషికి. నలభై ఏళ్ళు ఈ పరాయి దేశపు రేవులో బస్తాలు మోసిన ఒళ్ళు. ఇప్పుడు బిషాన్‌లో అపార్ట్‌మెంట్ల బ్లాకు కిందున్న తెలుగు సంఘం లైబ్రరీకి తాళం తీసి, ఊడ్చి, సాయంత్రం దాకా కాపలా కూర్చుంటాడు. చదువు మూడో క్లాసు.

అవతల గ్రాంటు అధికారిణి రిజిస్టరు తిరగేస్తోంది. పేటపేటకూ లైబ్రరీ ఉండాలని సర్కారు ఇచ్చే డబ్బు అది. గది అద్దె, అలమరాలు, పెద్దిరాజు జీతం, అన్నీ అందులోంచే. షరతు ఒక్కటే. ముప్పై మంది సభ్యులుండాలి, ప్రతి కార్డు మీదా నెలకు ఒక పుస్తకమైనా పోవాలి. సభ్యులంతా చాంగీ బిజినెస్ పార్కులో మహీధర్‌తో పాటు కోడు రాసేవాళ్ళే. ఏడాది కిందట కార్డులన్నీ పెద్దిరాజు చేతిలో పోసి, "ఎలా చేస్తావో నాకు తెలీదు. ముప్పై కార్డుల మీదా పుస్తకాలు పోవాలి, ముద్రలు పడాలి," అని వెళ్ళిపోయాడు మహీధర్. మళ్ళీ ఇవాళే రావడం.

రిజిస్టరులో లెక్క తప్పలేదు. పుస్తకాల వెనక తేదీ ముద్రలూ తప్పలేదు.

"ఒక పాఠకుడితో మాట్లాడాలి," అంది అధికారిణి.

మహీధర్ గదంతా చూశాడు, సభ్యుడొక్కడూ లేడు. అప్పుడే మూలనున్న పాత బల్ల మీంచి ఈరమ్మ లేచింది. మూడో అంతస్తు బ్రహ్మచారులకు వంట చేసిపెట్టే మనిషి.

"నేను సెప్తాను బాబూ."

చెప్పింది. భూమి తాకట్టు పెట్టిన ఒక రైతు కథ, కోర్టు మెట్ల మీద అతను తువ్వాలు పరుచుకుని పడుకునేదాకా చెప్పింది. మహీధర్ ఇంగ్లీషులోకి మారుస్తుంటే అధికారిణి కలం పక్కన పెట్టి వింది.

నెల తిరక్కుండా గ్రాంటు రెట్టింపైంది.

కమిటీ కూర్చుంది. కంప్యూటర్లు కొనాలన్నారు. "ఇంత గ్రాంటు వస్తుంటే మూడో క్లాసు మనిషిని సీట్లో ఎలా కూర్చోబెడతాం? రేపు ఎవరన్నా చూస్తే మన పరువేంగాను?" అన్నాడు గంగాధర్. ఎం.సి.ఏ. చదివిన తన భార్య ఆమని ఖాళీగానే ఉందని కూడా అన్నాడు.

మహీధరే వెళ్ళి చెప్పాడు. పెద్దిరాజు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. చేతిలో ఉన్న పుస్తకం వంక ఒకసారి చూశాడు.

"ఇది రెండ్రోజులు ఉంచుకోనాండీ?"

"దేనికి అంకుల్? స్టాక్ అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఇచ్చెయ్."

ఇచ్చేశాడు.

మూడు నెలలకు అధికారిణి నుంచి ఈమెయిల్ వచ్చింది. మూడు నెలలుగా ఒక్క పుస్తకం కూడా పోలేదు, కారణం తెలపాలని. సంఘం తరఫున గ్రాంటు దరఖాస్తు మీద సంతకం పెట్టింది మహీధరే.

గంగాధర్‌కు ఫోన్ చేశాడు. "నీ కార్డు మీద పన్నెండు పుస్తకాలు తీశావు. ఇప్పుడేమైంది?"

"నేనా? ఆ గది బ్లాకుకి ఏ వైపో కూడా తెలీదు బాస్."

ఇంకో సభ్యురాలు చాందినిని అడిగాడు. "కార్డు కూడా నేను చూళ్ళేదండి. ఫారం మీద సైన్ చేయమన్నారు, చేశానంతే," అంది.

ముప్పై మందిదీ అదే మాట.

ముసలాడు కొంప ముంచాడు. తప్పు సంఘానిది కాదని రుజువు కావాలి. పెద్దిరాజు సంతకం పెట్టాల్సిన కాగితం, ఇప్పుడు అతని సీట్లో ఉన్న ఆమని రాసింది. రేపు తెలియక సంతకం పెట్టానని అనకుండా తెలుగులోనే రాసింది. 'సభ్యులకు తెలియకుండా వారి కార్డులు వాడాను. ఎవరూ చదవకుండానే పుస్తకాలపై ముద్రలు వేశాను. సంఘానికి ఏ సంబంధమూ లేదు.'

పెద్దిరాజు తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ఎంగిలి పళ్ళాలు తీస్తూ కనిపించాడు. ఈరమ్మ అక్కడే గిన్నెలు తోముతోంది. వంట మానేసినట్టుంది.

"మకాన్ అయిందా బాబూ, అన్నం తిన్నావా?" అంది.

మహీధర్ ఆమెను దాటి ముందుకెళ్ళాడు. కాగితం పెద్దిరాజు ముందు పెట్టాడు. "నమ్మి గది అప్పజెప్తే ఇంత మోసమా? సంతకం పెట్టు."

పెద్దిరాజు చేతులు తుడుచుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ చివరిదాకా వెళ్ళాడు. కలం అడిగాడు. రెండో వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. కింద సంతకం పెట్టి, పళ్ళాల తొట్టి ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"ఇదెందుకు కొట్టేశావ్? అంకుల్!"

అతను వెనక్కి తిరగలేదు. మహీధర్ ఈరమ్మ వైపు తిరిగాడు. "చూశావా? ఏడాదంతా చదివింది నువ్వొక్కదానివే. మిగతాదంతా దొంగ లెక్క."

"నాకు అచ్చరం ముక్క రాదు బాబూ," అంది ఈరమ్మ, గిన్నె మీంచి చూపు ఎత్తకుండా. "ఆ రైతు కత మా పెద్దిరాజన్న సదివి సెప్తే ఇన్నాను."

మహీధర్ కాగితం వైపు చూశాడు.

"సదవని బుక్కు మీద మా అన్న ముద్దర ఎయ్యనేదు."