కాన్పుకో పన్ను

“బ్రష్ పెట్టకు డాక్టరమ్మా, అది పచ్చి బాలింత!” ఓదెమ్మ అడ్డం పడింది.

మానుకోట పళ్ల దవాఖానాలో కుర్చీ మీద వెల్లకిలా పడుకుని ఉంది ఆమె చిన్నకూతురు మమత. చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుతున్నాయి. ముందు పన్ను నాలుక తగిలినా ఊగుతోంది. రెండు రోజులుగా మెతుకు నమల్లేదు. ఓదెమ్మ ఒళ్లో ఇరవై రోజుల పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది.

“కాన్పయినంక పండ్లు తోమిందా?” డాక్టరమ్మ అడిగింది.

“నేనే బ్రష్ దాచిపెట్టిన. నెల దాటకముందు తోమితే ఊడుతయ్ గద! అయినా ఊగుతాంది. జర కాపాడు, నీ కాళ్లు మొక్కుత.”

“తోమకనే ఊగుతాందమ్మా. కడుపుతో ఉన్నప్పుడే చిగుళ్లు ఉబ్బినయ్. తోమకపోతే పాచి గట్టిపడి గారయితది. గార పడితే చిగుళ్లు పంటిని వదిలేస్తయ్. ఇప్పుడు గార తీస్త. రోజూ మెల్లగ తోమితే పన్ను నిలుస్తది.”

ఓదెమ్మ కొంగుతో నోరు మూసుకుంది. ఆ నోట్లో ముందుపళ్లు నాలుగు లేవు. నలుగురు పిల్లలు, కాన్పుకొకటి పోయింది. ఆఖరిది మమత పుట్టినప్పుడు. ‘నా పన్ను తిని పుట్టినవ్’ అని కోపమొచ్చినప్పుడల్లా తిట్టేది.

“మా అత్త నన్ను గుడ యాపపుల్ల ముట్టనియ్యలే” అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

నడుముకున్న సంచి విప్పి, అందులోంచి బ్రష్ తీసి కూతురి గుప్పిట్లో పెట్టింది.

“నా పన్ను నువ్వు తినలే బిడ్డా.”