మడమలో చీమ

కూలీలు పారిపోకుండా ఇటుక బట్టీ యజమాని ఆడకూలీల మడమల్లో మాత్రమే చీమచిప్పు కుట్టించేవాడు. పెళ్ళాం తిరిగొస్తే మొగుడెక్కడికి పోతాడని ఆయన లెక్క. చీమ పుట్టకు చేరినట్టు, ఆ చిప్పు పొద్దుట్నుంచీ వేసిన అడుగులు, వాటి దిక్కు గుర్తుపెట్టుకుని, పొద్దుగూకగానే కాళ్ళను గుడిసె దిక్కుకు తిప్పి అన్ని అడుగులూ వెనక్కి నడిపించేది. ఇక కాళ్ళు మనిషి మాట వినేవి కావు.

సింహాచలం తెలివైనవాడు. నడవని దారి చిప్పుకు తెలియదని కనిపెట్టాడు. మధ్యాహ్నం మట్టిగుంటలో ఉన్న భార్య పైడితల్లిని భుజానికెత్తుకుని, నేలమీద కాలు మోపనివ్వకుండా ఏటి ఒడ్డున ఉన్న మరదలింటికి చేర్చాడు.

“ఇంక బయం నేదే. కాసేపు తొంగుంటాను,” అని అరుగుమీద ఒరిగాడు.

లేచేసరికి పొద్దుగూకింది. మరదలు గట్టున కూలబడి ఏడుస్తోంది.

“అక్క కాళ్ళు పట్టుకుంటే నన్నూ ఈడ్చుకుపోనాయి బావా! నిన్ను ఎంత పిలిసినా నెగనేదు.”

అప్పుడు గుర్తొచ్చింది సింహాచలానికి. పొద్దున్న పైడితల్లి గుడిసె నుంచి మట్టిగుంటకు నాలుగు వందల అడుగులు నడిచింది. వాటి సంగతే అతను మరిచిపోయాడు. ఆమె ఎక్కడున్నా చిప్పు ఆ నాలుగు వందలూ అదే దిక్కుకు నడిపించి తీరుతుంది.

ఇసకలో ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. రెండు వందల పది దగ్గర నీళ్ళు మొదలయ్యాయి.