మూడో రోజు ఉప్పు

పానకాలు పోయిన రోజున కూడా నూజివీడు పచ్చళ్ల ఫ్యాక్టరీలో ఆవకాయ కలపడం ఆగలేదు. అతని దగ్గర రెండేళ్లు రుచి నేర్చుకున్న యంత్రం ఆ పని అందుకుంది. అప్పటికి అన్ని ఫ్యాక్టరీల్లోనూ అదే పద్ధతి.

దినం అయ్యాక మేనేజరు ఝాన్సీ అతని భార్య సీతారావమ్మ దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, కలిపిన రోజు యంత్రం ఉప్పు ఇట్టే చెబుతోందండీ. మూడో రోజు తిరగకలిపి అడిగితే మాత్రం 'రేపు చెప్తా' అంటోంది. ఆయన పోయిన దగ్గర్నించీ అదే మాట. జాడీలన్నీ ఆగిపోయాయి."

సీతారావమ్మకు నవ్వొచ్చింది. మూడో రోజు పచ్చడిని పానకాలు చిన్న గిన్నెలో ఇంటికి తెచ్చేవాడు. ఆమె చెప్పిన తీర్పునే మర్నాడు తన మాటగా చెప్పేవాడు.

"పేరు ఆయనది, నాలుక నాదమ్మా! ఎప్పుడైనా ఒప్పుకున్నాడా?" అంటూ చెప్పులు వేసుకుంది.

ఫ్యాక్టరీలో వేడన్నంలో ఒక ముద్ద కలుపుకుని తింది. "జాడీకి ఇంకో గుప్పెడు పడాలి," అంది తడుముకోకుండా.

"మీరే దీనికి నేర్పరాదూ?" అంది ఝాన్సీ యంత్రాన్ని చూపిస్తూ.

"నేర్పుతాను. ఈసారి నా పేరు పెట్టి రాసుకోండి."

ఝాన్సీ సరేనంది. సాయంత్రానికి జాడీలన్నీ లారీ ఎక్కాయి. యంత్రంలో పేరు మార్చడం ఇంకా మిగిలి ఉంది.