బంతిపూల విమానం

“మొగుడి అస్తికల కుండ ఇంకా సెట్టుకే ఏలాడతంది. నీకప్పుడే బొమ్మలు కావాల్సొచ్చినాయేటి?”

ఆటోనగర్‌లో దేవీప్రసాద్ రిమోట్ బొమ్మల షాపు మెట్టు మీద నుంచే ఎల్లారావు అరిచాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసేవాళ్ళు చేతులాపి మరీ చూశారు. చూడనీ, వాళ్ళకీ తెలియనీ! తమ్ముడు ఉమామహేష్ పోయి దినాలైనా తీరలేదు. వాడి భార్య ఈశ్వరి ఇక్కడ కౌంటరు మీద రిమోట్ విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, దాని పొట్ట తెరిచి కూర్చుంది. మంచమంత రెక్కలున్న ఆ విమానాన్ని చూస్తేనే ఎల్లారావుకి ఒళ్ళు మంట. ఆదివారమొస్తే చాలు, మొగుడూ పెళ్ళాం ఉక్కునగరం గ్రౌండులో దాన్ని ఎగరేసుకుంటూ లోకాన్నే మర్చిపోయేవారు.

“బొమ్మలాటకి రానేదు బావగారూ,” ఈశ్వరి తలెత్తకుండానే అంది. “రేపు సముద్రంలో అస్తికలు కలపడానికి మీతో పడవెక్కుతానన్నాను. ఆడది రాకూడదన్నారు. సరే, రాను. ఒడ్డునుండి ఈ ఇమానంతో ఆయన మీద నాలుగు పూలేసుకుంటాను. దానికీ మీ పర్మిషన్ కావాలేటి?”

“మనింట్లో ఆడోళ్ళు అస్తికలు కలిపింది నేదు. నీకు పిల్లల్నేరు. కర్మ నాను సేసినాను, కుండ నాను కట్టినాను, కలిపేదీ నానే!”

“ఆస్పత్రిలో ఆయన నోట్లో ఆకరి నీల్లు పోసింది నాను. అప్పుడు ఆడదాన్నని మీకు గుర్తు రానేదేటి?”

ఎల్లారావు గొంతు ఇంకాస్త లేచింది. “ఏవయ్యా, నీకైనా బుద్ధుండక్కర్లేదా?” అంటూ దేవీప్రసాద్ మీద పడ్డాడు.

దేవీప్రసాద్ మాత్రం ఏం చేస్తాడు? ఉమామహేష్‌తో కలిసి విమానాలు ఎగరేసినవాడు. గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ అగ్గిపెట్టెంత నీలం మోటారొకటి కౌంటరు మీద పెట్టాడు. “అక్కా, పొట్ట కింద తలుపు తియ్యడానికి ఈ సిన్న సర్వో మోటారు సాలు. రిమోట్‌లో స్విచ్ ఏస్తే దీని సెయ్యి తిరుగుతాది, తలుపు తెరుచుకుంటాది.”

ఈశ్వరి ఆ చేతిని వేలితో అటూ ఇటూ తిప్పి చూసి, విసురుగా వెనక్కి నెట్టింది. “దీని పల్లు ప్లాస్టిక్. తలుపు మీద బరువు పడితే ఇరిగిపోతాయి. మెటల్ గేరుది తియ్యి. పెద్దది.”

“పూలకి మెటల్ గేరా? పూల బరువెంతక్కా?”

“ఇమ్మన్నాను, ఇయ్యి! రేపు ఆ తలుపు తెరుచుకోకపోతే నాకు మల్లీ రోజు నేదు.”

పెద్ద సర్వో బిగించింది. తలుపుని లాగే తీగని సర్వో చేతి చివరి రంధ్రంలో కాక, లోపలి రంధ్రంలో తగిలించింది. “అక్కడైతే బలమొస్తాది గానీ తలుపు కొంచెమే తెరుచుకుంటాదక్కా,” అన్నాడు దేవీప్రసాద్. ఆమె వినిపించుకోలేదు. షాపు ముందున్న గుట్టలోంచి ఒక కవరు నిండా ఇసుక తెచ్చి, విమానం పొట్టలో పోసి, తలుపు మూసింది. దేవీప్రసాద్ విమానాన్ని ఎత్తి పట్టుకున్నాడు. ఆమె స్విచ్ వేసింది. తలుపు సగమే తెరుచుకుంది. సన్నగా నాలుగు రేణువులు రాలి, మిగతా ఇసుక లోపలే ఆగిపోయింది.

“సచ్చిందా!” అంది ఈశ్వరి పళ్ళు కొరుకుతూ. రిమోట్‌లో సర్వో తిరిగే మేర పెంచింది. ఇసుక మళ్ళీ పోసి మళ్ళీ నొక్కింది. ఈసారి తలుపు ఠక్కున తెరుచుకుని, ఇసుకంతా దభీమని ఎల్లారావు పాదాల మీద పడింది.

“కళ్ళు నెత్తికెక్కినాయేటే!” అని అతను గంతేశాడు. ఈశ్వరి క్షమించమని కూడా అనలేదు. అతని కాళ్ళ దగ్గర ఇసుకంతా చేత్తో ఊడ్చి, కవర్లో పోసి సంచిలో పెట్టుకుంది.

“ఆ ఇసకెందుకు?”

“ఇంటికాడ మల్లీ ఓసారి సూసుకోవాల.”

“పూలంట, పూలు! మొగుడు పోతే మోటార్లు పరీచ్చ సేసుకునే ఆడదాన్ని నానెక్కడా సూడనేదు,” అని తిట్టుకుంటూ ఎల్లారావు బండెక్కాడు. ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉన్నాడు.

తెల్లారి అతనే ఉక్కునగరం వెళ్ళాడు. కుండ ఇంట్లోకి రాకూడదని ఈశ్వరి క్వార్టర్ వెనక మునగచెట్టుకి తనే వేలాడదీశాడు. మూతికి తను కట్టిన తెల్లగుడ్డ అలాగే ఉంది. కుండ దించి గుండెలకి హత్తుకుంటే, అంత కోపంలోనూ కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు ఈ తమ్ముణ్ణి చంకనెత్తుకుని తిరిగినవాడు మరి.

యారాడ సముద్రపు ఒడ్డున జాలరి అప్పలరాజు పడవ సిద్ధంగా ఉంది. కాస్త దూరంలో ఈశ్వరి రిమోట్ మెడలో వేసుకుని నిలబడింది. దేవీప్రసాద్ విమానం పట్టుకున్నాడు. పల్లెలో జనమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఎల్లారావుకి తల కొట్టేసినట్టయింది. ఆమెకేసి చూడకుండా పడవెక్కాడు.

అలలు దాటారో లేదో, వెనక నుంచి జుయ్యిమని మోత. “వొచ్చేసినాది దరిద్రం!” అన్నాడు ఎల్లారావు. “సచ్చినోడికి సముద్రం మీదైనా శాంతి నేదు.”

“తొరగా కానియ్యి బాబూ, గాలి తిరుగుతంది,” అన్నాడు అప్పలరాజు.

ఎల్లారావు కుండ మూతిగుడ్డ విప్పాడు. ఆచారం ప్రకారం మొహం పక్కకి తిప్పుకుని, “పోయిరా తమ్ముడా,” అంటూ కుండని నీళ్ళలోకి వంచేశాడు. బుడుంగున శబ్దమైంది.

అప్పలరాజు నీళ్ళలోకి వంగి చూశాడు. “బాబూ, బూడిదైతే కాసేపు నీటి మీద తేలతాది కదా. ఇదేటి, ఇసకలాగ బుడుక్కున మునిగిపోనాది?”

ఎల్లారావు చప్పున కుండలో చెయ్యి పెట్టాడు. వేళ్ళకి అంటుకున్నది ఇసుకే. గభాల్న తలెత్తాడు.

పడవ మీదకి కిందుగా వచ్చిన విమానం పొట్ట ఠక్కున తెరుచుకుంది. ముందు బంతిపూలు రాలాయి. వాటి వెనకే తమ్ముడు.