గరిటె, నీళ్ళ డబ్బా, టేపు

గరిటె పట్టుకుంటే పాప మిత్, బక్ లియూ ఊళ్ళో నానమ్మ దగ్గరికి. నీళ్ళ డబ్బా పట్టుకుంటే దలాత్‌లో అమ్మమ్మ దగ్గరికి. కొలతల టేపు పట్టుకుంటే ఇక్కడే, అమ్మానాన్నల దగ్గర.

వియ్యపురాళ్ళిద్దరూ ఫోన్లోనే పోట్లాడుకుని, ఫోన్లోనే రాజీపడి చేసిన తీర్పు అది. తల్లి కుట్టు ఫ్యాక్టరీకి పోతుంది, తండ్రి లారీలకు సరుకెత్తుతాడు. ఉండేది బిన్ దువాంగ్‌లో ఒంటిగది అద్దె కొంప. ఏడాది నిండిన పిల్ల అక్కడెలా పెరుగుతుందని ఇద్దరి వాదన. ఆ ఒక్క విషయంలోనే ఇద్దరిదీ ఒకే మాట. ఎవరి దగ్గర పెరగాలన్నదే పేచీ.

మొదటి పుట్టినరోజున పిల్ల ముందు పళ్ళెంలో వస్తువులు పెట్టి, ఏది పట్టుకుంటే రేపు ఆ పనిలోకే వెళ్తుందని మురిసిపోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఈ ఇంట్లో ఆ పళ్ళేన్ని ఏకంగా జడ్జీని చేసి కూర్చోబెట్టారు.

నూడుల్స్ కొట్టున్న నానమ్మ చిన్న గరిటె పంపింది. పూలతోట ఉన్న అమ్మమ్మ మొక్కలకు నీళ్ళు పోసే బుల్లి డబ్బా పంపింది. పిల్ల తల్లి లియెన్ తన మెడలో వేలాడే టేపు తీసి పళ్ళెంలో పెట్టింది.

పుట్టినరోజు దగ్గరపడగానే మొగుడూ పెళ్ళాలిద్దరూ తలుపేసుకుని పిల్లకు తర్ఫీదు మొదలుపెట్టారు. టేపుకి అరటిపండు పూశారు. మిత్ అరటిపండంతా నాకేసి, టేపు విసిరికొట్టి, గరిటె దగ్గరికి పాకింది. గరిటె దాచేస్తే డబ్బా దగ్గరికి పాకింది. రెండూ దాచేస్తే గుక్కపెట్టి ఏడ్చింది.

"అచ్చం మీ అమ్మే. పంతం చూడు" అంది లియెన్ నీరసంగా.

"ఆ గొంతు మాత్రం మీ అమ్మదే" అన్నాడు మొగుడు ఖా, చెవిలో వేలు పెట్టుకుని.

మర్నాడు ఫ్యాక్టరీలో లియెన్ ఒకే చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టింది. పక్క మిషను మీద కుట్టే హువే అది చూసి, సూపర్వైజర్ కంట పడకముందే లాక్కుని విప్పేసింది. హువే ఉండేది కూడా వీళ్ళ పక్క గదిలోనే. పెద్దకొడుకుని ఇలాగే చిన్నప్పుడే ఊరికి పంపింది. కొత్త సంవత్సరం టెట్ పండక్కి ఎత్తుకోబోతే వాడు నానమ్మ వెనక దాక్కుని తల్లిని "పిన్నీ" అన్నాడు. అందుకే మిత్ ఈడుదైన రెండోదాన్ని ఇంట్లో ఉన్నంతసేపూ చంక దింపదు; అది తల్లి మెడలో టేపు నములుతూనే పెరుగుతోంది.

"ఏడవకు. ఏదో ఒకటి చేద్దాంలే" అంది హువే.

పుట్టినరోజు వచ్చింది. చాప పరిచారు. తీపి పాయసం, జిగురన్నం సర్దారు. ఆ వరస గదుల వాళ్ళంతా గుమ్మం దగ్గర గుమిగూడి, ఎందుకో మూతికి చేతులడ్డం పెట్టుకుంటున్నారు. వీడియో కాల్లో ఫోన్ తెర మీద సగం నానమ్మ, సగం అమ్మమ్మ.

ఫోన్ ఎవరు పట్టుకోవాలన్నదాని మీద ఇంకో రభస.

"మీ అబ్బాయి పట్టుకుంటే గరిటె వైపే తిప్పుతాడు" అంది దలాత్ అమ్మమ్మ.

"మీ అమ్మాయి పట్టుకుంటే మాకు గోడ తప్ప ఏమీ కనపడదు" అంది బక్ లియూ నానమ్మ.

చివరికి, ఎవరి వైపూ కాని మనిషని హువేకి ఇప్పించారు.

లియెన్ పాపను ఎత్తుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది. ఎర్ర టోపీ పాప కనుబొమల దాకా దిగి ఉంది.

"టోపీ తియ్యవే అమ్మాయ్. మొహం కనపడొద్దూ?" అంది నానమ్మ.

"గుండు చేయించాం కదత్తయ్యా. ఫ్యాను గాలికి జలుబు చేస్తుంది."

"నీ దగ్గర ప్రతిదానికీ ఓ సాకు. బుగ్గలేవీ? తిండి పెడుతున్నారా అసలు?"

"సన్నబడితేనే నాజూగ్గా ఉంది వదినగారూ. మా వైపు పోలిక ఇప్పుడిప్పుడే తేలుతోంది" అంది అమ్మమ్మ.

పాప ఫోన్ వంక చూసి నోరంతా తెరిచి నవ్వింది.

"నన్ను చూసే" అంది నానమ్మ.

"మీరు పక్కకి జరగండి, ఎవర్ని చూసిందో తెలుస్తుంది" అంది అమ్మమ్మ.

ఖా పళ్ళెం ముందుకు జరిపాడు. పాప పాకింది. గరిటె మీద మోకాలేసి దాటేసింది. నానమ్మ నుదురు కొట్టుకుంది. పాప నీళ్ళ డబ్బా ఎత్తింది. అమ్మమ్మ చేతులు జోడించబోయింది. పాప డబ్బా బోర్లించి, దాని కింద నలిగి ఉన్న టేపు లాగి, కొస నోట్లో పెట్టుకుని తృప్తిగా నమలసాగింది.



"ముందు ముట్టుకుంది డబ్బానే" అంది అమ్మమ్మ.

"ముట్టుకోవడం వేరు, పట్టుకోవడం వేరు. మాటంటే మాటే వదినగారూ." నానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తల్లి రక్తం కదా, ఎక్కడికి పోతుంది. ఉంచుకోండి. టెట్‌కి మాత్రం ముందు మా ఇంటికి తీసుకురావాలి."

"ఆ తర్వాత మా ఇంటికి" అంది అమ్మమ్మ.

లియెన్ తలూపింది. వచ్చిన కన్నీళ్ళు మాత్రం నిజమైనవే.

ఫోన్ కట్టయింది. గుమ్మంలో ఆపుకున్న నవ్వులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. లియెన్ ఎర్ర టోపీ విప్పి, పాపను వాళ్ళమ్మ హువే చేతికిచ్చి, పక్క గదిలో నిద్రపోతున్న మిత్‌ని తెచ్చుకోవడానికి వెళ్ళింది.