వంటింట్లో స్తూపం

బౌద్ధ స్తూపం కొండమీద ఉంది. బ్లాక్‌చెయిన్ అనే డిజిటల్ చిట్టాలో మాత్రం అది గౌరీపతి మాస్టారి వంటింట్లో ఉంది. చోటు నమోదు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడింది, పడ్డది ఏ ఒక్కరూ చెరిపితే చెరగదు. అందుకని యాత్రికులు కొండ దిగివచ్చి, దర్శనం అయినట్టు ఫోన్లో ముద్ర పడేదాకా ఆయన పొయ్యి పక్కనే నిలబడేవారు. భార్య పోయాక ఒక్కరే వండుకుంటున్న మాస్టారికి బనీను మీద వంట చేసుకునే స్వేచ్ఛ కూడా పోయింది. విసిగిపోయి ఫిర్యాదు పెట్టారు.

నమోదు కంపెనీ అమ్మాయి వచ్చింది.

"చోటు మార్చాలంటే ముద్రలున్నవాళ్లు ఓటెయ్యాలండీ. ఎక్కువ ముద్రలు మీవే. రోజూ ఇక్కడుండే ఫోను మీదే కదా! 'సరే' నొక్కండి, రేపట్నుంచి ఒక్కరూ రారు."

మాస్టారు వేలు చాపారు.

"బాబాయిగారూ, కబుర్లలో పడి పప్పు మాడ్చేస్తున్నారు!" అంటూ ఒక యాత్రికురాలు గరిటె అందుకుంది. కలిపి, రుచి చూసి, "ఉప్పేదండీ ఇందులో?" అని నిలదీసింది. తనే వేసింది.

ఆయన్నలా ఒకరు నిలదీసి ఎన్నాళ్లయిందో! వేలు వెనక్కి తీసుకున్నారు.

"స్తూపాన్ని ఇక్కడే ఉండనీ అమ్మా. కొండమీద దానికి పప్పన్నం ఎవరు పెడతారు?"