నూటికి డెబ్బై

దొర బోర్లా పడుకునే ఉత్తర్వులు ఇస్తున్నాడు. ఇబ్రహీంపట్నం తాలూకాలో ఆయన కోటలాంటి గడి కింద నాలుగు ఊళ్లు. నాలుగు ఊళ్లను పరుగులు పెట్టించిన మనిషి ఇప్పుడు తన ఎడమకాలు తాను కదపలేకపోతున్నాడు.

హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు మోటారులో వచ్చాడు. నడుము పూసల మధ్య నరం నొక్కుకుపోయిందన్నాడు. ఆపరేషన్ చెయ్యాలి, లేకపోతే రెండో కాలూ పడిపోతుందన్నాడు. ఒంట్లో రక్తం ఎలా ఉందో చూద్దామని దొర కింది కనురెప్ప లాగబోయాడు. దొర ఆ కన్నే ఎర్రజేశాడు. డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రక్తం నూటికి డెబ్బై పాళ్లు లేకుంటే నేను కత్తి పట్ట," అన్నాడు డాక్టరు. "పలచటి రక్తంతోని కోస్తే బల్ల మీదనే పాణం పోవచ్చు. బతికినా గాయం మానదు, చీము పడ్తది."

పరీక్ష పని ఇబ్రహీంపట్నం కాంపౌండరు బాలస్వామికి అప్పజెప్పి వెళ్లిపోయాడు. పరీక్ష సులువే. వేలు గుచ్చి, ఒక చుక్క అద్దుడు కాగితం మీద పట్టి, ఆ ఎరుపును అచ్చువేసిన రంగుల పట్టీతో సరిపోల్చడమే.

అయితే దొర ఒంట్లో సూది దిగడం పరాయివాడు చూడకూడదు. అందుకని బాలస్వామిని వసారాలోనే నిలబెట్టారు. గడిలో వెట్టి చేసే సోమయ్య సూదినీ కాగితాన్నీ లోపలికి తీసుకెళ్లి, ఎర్రటి చుక్కతో తిరిగి వచ్చాడు. లోపలినుంచి చిన్న మూలుగైనా వినపడలేదు. దొర ధైర్యానికి బాలస్వామి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పట్టీ పక్కన పెట్టి చూశాడు. యాభై అయిదు.

"రక్తం తక్కువున్నది దొరసానీ," అన్నాడు నీళ్లు నములుతూ.

"దొరకు తక్కువేంది?" అంది దొరసాని.

డాక్టరు చీటీ పంపాడు. మేక కాలేయం, గుడ్లు, ఖర్జూరాలు, రెండుపూటలా పాలు. వైద్యం దొరకు, పథ్యం ఊళ్లకు. మేకలు కాసే ఎల్లా మందలోంచి రోజుకో మేక గడికి నడిచింది. నాలుగు ఊళ్ల పాలూ గడికే చేరాయి. పసిపిల్లలు గంజినీళ్లతో సరిపెట్టుకున్నారు. దొర బోర్లా పడుకునే అన్నీ తిన్నాడు.

నెల తిరిగేసరికి దొర బుగ్గలు నిగనిగలాడాయి. సోమయ్య సూది తీసుకుని లోపలికి వెళ్లి చుక్కతో వచ్చాడు. యాభై.

దొరసాని వంటామె మీద విరుచుకుపడింది. కాలేయం సగం నువ్వే మింగుతున్నవంది. ఎల్లా మేకలే మంచివి కావంది. చివరికి దొరకు దిష్టి తీయించింది.

కాలం కూడా బాగాలేదు. వెట్టి వద్దంటూ సంఘంవాళ్లు గడుల మీద పడుతున్నారు. చుట్టుపక్కల దొరలు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరుతున్నారు. మన దొరకు ఆ దారీ లేదు. బండి కుదుపులకు నడుము తట్టుకోదు. ఒక్కసారి తెస్తే ఆపరేషన్‌కే తేవాలని, అదీ రక్తం పెరిగాకేనని డాక్టరు మొండికేశాడు. కుక్క మొరిగినా దొర ఉలిక్కిపడుతున్నాడు. చూస్తే జాలేస్తుంది, మేకలు గుర్తుకొచ్చేదాకా.

మూడోసారి చుక్కతో వచ్చిన సోమయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నాడు బాలస్వామి.

"ఏం లేదన్నా. జర కండ్లు తిరిగినయ్."

"ఒక్క సుక్క నెత్తురు జూస్తే గింత భయమా? దొరను జూసి నేర్సుకో," అని మందలించి బాలస్వామి పట్టీ తీశాడు. నలభై.

ఈసారి డాక్టరు ఉర్దూలో పెద్ద ఉత్తరమే రాశాడు. బాలస్వామి దాన్ని తెలుగులో చెప్పాడు.

"ఈ మనిషికి కడుపునిండ తిండి దొరుకుతలేదు. లేకుంటే కడుపుల నెత్తురు తాగే కొంకిపురుగులన్న ఉండాలె. చెప్పులు లేకుండ పేడల, బురదల తిరిగేటోళ్లకు గట్లయితది. బరువులు మోయనీయకుండ్రి. ఇట్లనే రెండు నెలలు పోతే ఆపరేషన్ లేకుండనే చచ్చిపోతడు."

"నాకు తిండి దొరుకుతలేదా?" అని లోపలినుంచి దొర గర్జించాడు. నోట్లో ఖర్జూరం ఉండటంవల్ల సగమే వినపడింది.

పురుగుల మందు వచ్చింది. దొర మింగి రెండు రోజులు విలవిల్లాడాడు. ఒక్క పురుగూ పడలేదు.

ఆగస్టు ఆఖరుకు రెండో కాలు కూడా తిమ్మిరెక్కింది. ఆ ఉత్తరం వచ్చి పది రోజులైనా కాకుండానే దొరసాని బాలస్వామిని మళ్లీ పిలిపించింది. ఈసారి సూదీ కాగితమూ తానే లోపలికి పట్టుకెళ్లింది. మరుక్షణం గడి దద్దరిల్లేలా ఒక కేక వినపడింది. బాలస్వామి చేతిలో పట్టీ జారి పడింది.

కాగితం వచ్చింది. పట్టీ చివరిదాకా జరిపి జరిపి చూశాడు. తొంభై.

"గండం గడిచింది దొరసానీ," అన్నాడు.

డాక్టరు నమ్మలేక, దొరను హైదరాబాదు చేర్చాక తానే మళ్లీ గుచ్చి చూశాడు. తొంభైయే. ఆపరేషన్ చక్కగా జరిగింది. పోయిన రక్తం కొంచెమే, చీము అసలే లేదు. పోలీసు చర్య ముగిసి ఊళ్లోకి మిలిటరీ లారీలు వచ్చేనాటికి దొర దవాఖాన వరండాలో కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు.

పది రోజుల్లో నలభై నుంచి తొంభైకి. దొరసాని దిష్టి తీసినందుకే అంది. బాలస్వామి పురుగుల మందు గుణమన్నాడు. డాక్టరైతే తోటి డాక్టర్ల సభలో మేక కాలేయం మహిమ గురించి గంటసేపు మాట్లాడాడు.

దొరకు సూదంటే భయమని మూడుసార్లూ తన వేలే చాపిన సోమయ్య, నాలుగో పరీక్ష ముందురోజు గడి పనివాళ్లందరితో కలిసి సంఘంలోకి వెళ్లిపోవడంతో, గుచ్చడానికి దొర వేలు తప్ప మరొకటి మిగల్లేదు.